డబ్బా మీది ఎలుక

ముందు డబ్బా అచ్చయింది. పరిశోధన తర్వాత మొదలైంది.

మా సంస్థలో ఇది పొరపాటు కాదు, పద్ధతి. మంత్రిగారికి తీరిక దొరికిన రోజే ముహూర్తం కాబట్టి ఏ పనికైనా ముందు ప్రారంభోత్సవం జరిగిపోతుంది. ప్రారంభించడానికి అక్కడ ఏమైనా ఉందా అన్న సంగతి ఆనక చూసుకుంటారు. పోయినేడు ఇలాగే ఆవరణలో ఒక బోరింగుకు కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగాక, నీళ్ళు ఎక్కడ పడతాయో వెతికారు. ఇంకా వెతుకుతున్నారు.

ఈసారి వంతు 'గుండెనిబ్బరం' మాత్రకు వచ్చింది. మెంతులు, ఉలవలు, కరివేపాకు ఎండబెట్టి, దంచి, బెల్లంపాకం పోసి, నేతితో ఉండ కట్టిన మాత్ర అది. నేరేడుపండంత ఉంటుంది. మొదట్లో పాకమూ నెయ్యీ లేవు. ముహూర్తానికి ముందు రుచి చూసిన మంత్రిగారు మొహం వికారంగా పెట్టారని, ఆ సాయంత్రమే ఒక కమిటీ కూర్చుని ఆ రెండూ చేర్చింది. డబ్బా పసుపుపచ్చగా ముద్దొచ్చేలా ఉంటుంది. దాని మీద రెండు కాళ్ళ మీద నిలబడి నవ్వుతున్న తెల్ల ఎలుక. ఎలుక కింద ఎర్రక్షరాలు: "ప్రయోగశాలలో ఎలుకల రక్తంలోని కొవ్వు నలభై శాతం తగ్గినది." పక్కన ప్రభుత్వ ముద్ర.

ఆ ఎలుకల్ని అప్పటికి ఇంకా కొనలేదు.

వాటిని కొని, వాటి కొవ్వును డబ్బా మీద రాసినంతా తగ్గించడానికి నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నా పేరు సౌదామిని. జీవరసాయన శాస్త్రం చదివాను. రాజమండ్రి శివార్లలోని ఈ రాష్ట్ర పథ్య పరిశోధనా సంస్థలో నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి అందరికంటే ఎక్కువ సంబరపడింది మా బాబాయి ముక్తేశ్వరరావు. ఆ ఊళ్ళోనే ఆయన ఇల్లు. వేరే గది చూసుకుంటానంటే ఊరుకోలేదు. అలా వాళ్ళింట్లోనే దిగాను.

బాబాయి ట్రెజరీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ముద్ర ఉన్న కాగితాన్ని కళ్ళకద్దుకుంటాడు. ముద్ర లేకపోతే సొంత అన్నగారి మాటైనా నమ్మడు. రెండేళ్ళ క్రితం ఆయన గుండెకు స్టెంటు వేశారు. కొవ్వు తగ్గే మాత్ర రోజూ రాత్రి వేసుకోవాలనీ, ఒక్కరోజు కూడా మానకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. బాబాయి బుద్ధిగా వేసుకుంటూ ఉన్నాడు. మా సంస్థలో ఈ మాత్ర ప్రారంభోత్సవానికి పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి, చంకలో పసుపుపచ్చ డబ్బాతో తిరిగొచ్చేదాకా.

"డాక్టరు మాత్ర మానెయ్యమని నీకెవరు చెప్పారు బాబాయ్?" అన్నాను ఆ రాత్రి.

"డబ్బా చెప్పిందమ్మా. చిన్న ఎలుకకే నలభై తగ్గితే మనిషికి తగ్గదా? ఎలుకెంత, మనిషెంత!"

"ఆ ఎలుకలు ఇంకా రానేలేదు."

"రాకముందే ఇంత తగ్గిందంటే, వచ్చాక ఇంకెంత తగ్గుద్దో చూడు," అని ఉండ నోట్లో వేసుకున్నాడు. "అచ్చం సున్నుండలా ఉందే!"

పిన్ని నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నా మాటా వినరు, డాక్టరు మాటా వినరు. నీ పరిశోధనేదో తొందరగా తేల్చవే అమ్మా. అది పనిచెయ్యదని ముద్ర కొట్టించి ఓ కాగితం పట్రా. ముద్ర పడితే ఆయనే మానేస్తారు."

మాత్ర పనిచేస్తుందో చెయ్యదో నాకూ తెలియదు. తెలిసేలోగా బాబాయి గుండె ఆగిపోతుందేమోనన్నదే నా భయం. మర్నాడే ఎలుకల కోసం అర్జీ పెట్టాను.

ఎలుకలు వచ్చాయి. తెల్లగా, ఎర్రటి కళ్ళతో, చలాకీగా ఉన్నాయి. రక్తం తీసి చూస్తే కొవ్వు ఉండాల్సినంతే ఉంది. దాంట్లోంచి నలభై శాతం తగ్గిస్తే మాత్ర గొప్పదనం తేలడం అటుంచి, ఎలుకలకే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ముందు కొవ్వు పెంచాలి, ఆ తర్వాత తగ్గించాలి. వనస్పతి, వెన్న, గుడ్డులో పచ్చసొన కలిపి ముద్దలు చేసి పెట్టాం. ఎలుకలు లొట్టలేసుకుని తిన్నాయి. తిని, బోనులో ఉన్న చక్రమెక్కి తెల్లవార్లూ పరిగెత్తాయి. వారాలు గడిచినా కొవ్వు కదల్లేదు.

నేను డైరెక్టరుగారి గదికి వెళ్ళాను. డాక్టర్ ప్రభంజనరావుగారు నోటిమాట కూడా ఉత్తర్వులాగే చెబుతారు. ఆయన పక్కన పరిపాలనాధికారి భుజంగంగారు ఎప్పుడూ సగం లేచినట్టుగా కూర్చుని ఉంటారు.

"సార్, ఎలుక ఒంటి తీరే అంత. ఏం తిన్నా దాని రక్తంలో కొవ్వు అంత సులువుగా పెరగదు. ఈ పనికి కుందేలు మంచిది. వారాల్లో పెరుగుతుంది," అన్నాను.

"కుందేలు విషయమై మీ వినతిని సానుభూతితో పరిశీలించడమైనది," అన్నారు డైరెక్టరుగారు. "అయితే డబ్బా మీద ఎలుక ఉన్నది. డబ్బాలు లక్ష అచ్చైనవి. కావున ఎలుకే శాస్త్రీయము."

"చెవులు వెనక్కి మడిచి కడితే కుందేలుని ఎలుక కింద చూపించొచ్చేమో సార్," అన్నారు భుజంగంగారు.

డైరెక్టరుగారు కాస్త ఆలోచించారు. "తోక?"

భుజంగంగారు కూర్చున్నారు.

విషయం నిపుణుల కమిటీకి వెళ్ళింది. కమిటీ అంటే మా ఆఫీసర్లందరూ. వాళ్ళు భోజనం చేశాక సమావేశం, సమావేశమయ్యాక టిఫిను. భోజనంలో గుత్తివంకాయ, వేపుళ్ళు, గడ్డపెరుగు, పూతరేకులు. చేతులు కడుక్కుని వచ్చి అందరూ ఒక్కసారే జేబుల్లోంచి మాత్రలు తీసి మంచినీళ్ళతో మింగారు. అందరూ మింగినవి డాక్టరు రాసిన మాత్రలే. గుండెనిబ్బరం డబ్బా బల్ల మధ్యలో పూలకుండీ పక్కన ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు.

అది చూస్తున్న భుజంగంగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"సార్, కొవ్వు ఎలా పట్టించాలో తెలియక మనం పుస్తకాలు వెతకడమేమిటి? అనుభవజ్ఞులం ఇంతమందిమి ఈ గదిలోనే ఉన్నాం కదా!"

గది కళకళలాడింది. ఎవరి కొవ్వు ఎంతో ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. నాకు రెండువందల అరవై అని ఒకరు, నాకు రెండువందల డెబ్బై అని ఇంకొకరు. డైరెక్టరుగారు తనది రెండువందల ఎనభై అని గంభీరంగా ప్రకటించారు. వెంటనే చివరి కుర్చీలోని డిప్యూటీ డైరెక్టరు నోరు జారి, "నాది మూడువందలు దాటింది సార్," అన్నాడు. అందరి తలలూ డైరెక్టరుగారి వైపు తిరిగాయి. పాపం, అతను, "అది పాత రిపోర్టు సార్. ఇప్పటికి మీకంటే తగ్గే ఉంటుంది," అని సర్దుకున్నాడు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. విషయం: ప్రయోగ మూషికములకు గెజిటెడ్ అధికారుల స్థాయి జీవనవిధానము కల్పించుట గురించి.

ఉత్తర్వును తు.చ. తప్పకుండా అమలు చేశాం. ముందుగా చక్రం తీసేశాం, ఆఫీసరు పరిగెత్తడు కదా. తిండి కోసం కూడా నడవక్కర్లేకుండా నోటి దగ్గరికే అందించడానికి ఒక అటెండరును వేశారు. పదకొండింటికి కాంటీన్ బజ్జీ, నాలుగింటికి కాజా, ఆ రెంటి మధ్యా సమావేశం. సమావేశమంటే ఎలుకలన్నిటినీ ఒక తొట్టిలో వేసి, ఏమీ జరగకుండా రెండు గంటలు ఉంచడం. మొదటిరోజు అవి కంగారుపడి గోడలెక్కబోయాయి. మూడోరోజుకి కూర్చున్నచోటే నిద్రపోవడం నేర్చుకున్నాయి. మినిట్స్ భుజంగంగారు రాశారు.

అయినా కొవ్వు కొంచెమే పెరిగింది. "తిండి, కుర్చీ సరిపోవండీ. మనోవేదన కూడా ఉండాలి," అన్నారు భుజంగంగారు. బదిలీలు మొదలయ్యాయి. ఎలుక కాగితం ముక్కలు పోగేసుకుని వెచ్చగా గూడు కట్టుకోగానే దాన్ని ఇంకో బోనుకు మార్చేవాళ్ళం. కిటికీ పక్క బోను కోసం ఎలుకల్లో గొడవలు వచ్చాయి. చెప్పాపెట్టకుండా తనిఖీలు పెట్టాం. డైరెక్టరుగారు వచ్చి బోను కడ్డీల మీద బెత్తంతో టకటకా కొట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. ఆయన వెళ్ళాక ఎలుకలు రెట్టింపు తినేవి.

ఇక కొవ్వు పెరిగింది చూడండి! నేను చదివిన శాస్త్రం నోరు వెళ్ళబెట్టింది. వెన్నతో, పచ్చసొనతో కానిది కాజాతో, బదిలీతో అయింది. ఎలుకలకు బొజ్జలు దిగాయి. ఒకటి మాత్రం ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తున కూర్చుని, మిగతావి దగ్గరికొస్తే మొహం తిప్పుకునేది. దాని కొవ్వు రెండువందల ఎనభై చూపించింది. ఆ అంకె డైరెక్టరుగారికి చెప్పకుండా ఉంటే బాగుంటుందని భుజంగంగారు నాకు సలహా ఇచ్చారు.

ఇంటి దగ్గర బాబాయి చెప్పులేసుకోవడానికి వంగి ఆయాసపడుతున్నాడు. మేడమెట్ల మధ్యలో ఆగి గోడ పట్టుకుంటున్నాడు. "ఆయాసం కాదమ్మాయ్. లోపల కొవ్వు కరుగుతోంది. ఆ మాత్రం అలజడి ఉంటది," అంటున్నాడు. పిన్ని రోజూ గుమ్మంలోనే ఎదురొచ్చి, "పడిందా ముద్ర?" అంటోంది. ఎలుకల మీద నాకు కోపం లేదు గానీ, అవి లావెక్కేదాకా ఆగాల్సి రావడం నరకంలా ఉండేది.

చివరికి మాత్రలు పెట్టే రోజు వచ్చింది. ఎలుకల్ని రెండు గుంపులు చేశాం. హోదా రెంటికీ ఒకటే, తిండి ఒకటే. ఒక గుంపుకి మాత్ర ఇచ్చాం, రెండోదానికి ఇవ్వలేదు. మాత్ర గుంపు దాన్ని ఎగబడి తింది. తినదా మరి, నెయ్యీ బెల్లమూనూ! గడువు పూర్తయ్యాక రక్తం తీశాం. మాత్ర తినని ఎలుకల కొవ్వు అలాగే ఉంది. తిన్నవాటిది ఇంకాస్త పెరిగింది.

నివేదిక రాసి పరుగున తీసుకెళ్ళాను. "ముద్ర వేయించండి సార్. జనం దీన్ని నమ్మి డాక్టరు మందులు మానేస్తున్నారు. మా ఇంట్లోనే మా బాబాయి మానేశాడు."

డైరెక్టరుగారు నివేదికను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకున్నారు. "డబ్బా మీద ఇప్పటికే ఒక ముద్ర ఉన్నది. ఈ నివేదిక మీద వేస్తే ఈ ముద్ర ఆ ముద్రను ఖండించినట్లు అగును. ఒక ముద్ర మరొక ముద్రను ఖండించడం ప్రభుత్వ విధానం కాదు."

"మరి మాత్ర పనిచెయ్యలేదు కదా సార్!"

"మాత్ర విఫలమైనదని మీరెలా చెప్పగలరు? విఫలమైనవి ఎలుకలు. సంస్థ వాటికి హోదా కల్పించినది, అటెండరును కల్పించినది. ప్రతిఫలంగా అవి ప్రజల విశ్వాసాన్ని వమ్ము చేసినవి."

ఆ సాయంత్రమే ఎలుకల హోదా రద్దయింది. అటెండరు వెనక్కి వెళ్ళాడు, కాజాలు ఆగిపోయాయి, చక్రం తిరిగొచ్చింది. డబ్బా మీద నుంచి ఎలుక బొమ్మను తొలగించి, ఆ స్థానంలో 'సంతృప్తి చెందిన పౌరుని' బొమ్మ వెయ్యాలని నిర్ణయం జరిగింది. రాత కూడా మారి, "లక్షలాది గుండెల నమ్మకం" అయింది.

ముద్ర లేని నివేదికనే ఇంటికి పట్టుకెళ్ళి బాబాయి చేతిలో పెట్టాను. ఆయన చదవలేదు. వెనక్కి తిప్పి చూశాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ముద్రేదమ్మా?"

"వెయ్యరు బాబాయ్. కానీ పరిశోధన చేసింది నేనే. నా మాట నమ్ము."

"నువ్వు కాంట్రాక్టు కదమ్మాయ్," అన్నాడు జాలిగా.

నాకు ఏడుపొచ్చింది. గదిలోకెళ్ళి తలుపేసుకుని నిజంగానే ఏడ్చాను.

కొత్త డబ్బాలు నెల తిరక్కుండానే వచ్చాయి. భుజంగంగారు ఒకటి తెచ్చి నవ్వుతూ నా బల్ల మీద పెట్టారు. సంతృప్తి చెందిన పౌరుడు పట్టుకండువా వేసుకుని, ఎలుక నిలబడిన చోటే నిలబడి, ఎలుక నవ్వినట్టే నవ్వుతున్నాడు. మా బాబాయి!

"మన అమ్మకాల కౌంటరుకి రెండోసారి వచ్చిన మనిషి ఆయనొక్కరేనమ్మా," అన్నారు భుజంగంగారు. "మిగతావాళ్ళెవరూ మళ్ళీ రాలేదు. ఇలాంటి ఆణిముత్యాన్ని వదులుకుంటామా? మీ బాబాయిగారని ఆనక తెలిసింది. మీకు చెప్పొద్దన్నారు, ఆశ్చర్యపోవాలని."

ఆశ్చర్యపోయాను. ఇంటికెళ్ళి అరిచాను, బతిమాలాను, డబ్బా దాచేశాను. బాబాయి మంచం కింద ఇంకో డజను ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళకి పంచుతున్నాడు. పైగా, "డబ్బా మీదున్నవాణ్ణి, ఒక్కటేసుకుంటే బాగోదు. పూటకి రెండేస్తన్నాను," అన్నాడు. పిన్ని మాట్లాడ్డం మానేసింది.

ఉదయపు నడక సంఘంవాళ్ళు ఆయనకు సన్మానం పెట్టారు. బాబాయి నడవడు, ఆటోలో వెళ్ళాడు. శాలువా కప్పారు, దండ వేశారు, మైకిచ్చారు. "ఈ మాత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నా గుండె..." అని, అక్కడితో ఆగి, ఎడమచెయ్యి పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కున్నాడు. వాక్యం అంతటితో పూర్తయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

వేళకి ఆసుపత్రికి చేర్చారు గనక బతికాడు. ఇంకో స్టెంటు పడింది. డాక్టరు వచ్చి, మాత్ర ఎన్నాళ్ళుగా మానేశారని అడిగి, జవాబు విని, చార్టును మంచం మీద విసిరికొట్టి వెళ్ళిపోయాడు. కాసేపటికి సెలైన్ మార్చడానికొచ్చిన నర్సు బాబాయి మొహంలోకి తేరిపార చూసింది.

"మీరు డబ్బా మీద ఉంటారు కదండీ? మా నాన్నగారికి అదే కొంటన్నానండి. మీ బొమ్మ చూసే కొన్నానండి."

ముక్కులో గొట్టం ఉంది. ఒంట్లో ఓపిక లేదు. అయినా బాబాయి రెండువేళ్ళు ఎత్తి చూపించాడు. పూటకి రెండని.

నేను ఆ పిల్లను వరండాలోకి తీసుకెళ్ళి మొత్తం చెప్పాను. లోపలికొచ్చేసరికి పిన్ని మంచం పక్కన నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ, "ఏం మనిషివయ్యా నువ్వు, నన్నేం చేద్దామని?" అంటోంది. ఆవిడ ఆయన్ని 'నువ్వు' అనడం నేను వినడం అదే మొదటిసారి. బాబాయి ఎత్తిన వేళ్ళు దించేశాడు గానీ, కళ్ళల్లో నమ్మకం అలాగే ఉంది. ఇంటికెళ్ళాక మళ్ళీ మొదలుపెడతాడని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు డైరెక్టరుగారు, భుజంగంగారు యాపిల్ పళ్ళతో పరామర్శకు వచ్చారు.

"తమరు త్వరగా కోలుకోవాలని సంస్థ ఆకాంక్షిస్తున్నది," అన్నారు డైరెక్టరుగారు. "డబ్బా మీది వ్యక్తి గుండెజబ్బుల వార్డులో కనబడడం ప్రజల్లో అపోహలకు దారితీయును. డిశ్చార్జి అయ్యేవరకూ గోడవైపు తిరిగి పడుకోగలరా?"

బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ప్రభుత్వం అడిగింది కదా మరి.

వరండాలో భుజంగంగారు మాట మార్చడానికి, "మన ఎలుకలెలా ఉన్నాయమ్మా?" అన్నారు.

ఒళ్ళు మండి ఉన్నాను. ఉన్నదున్నట్టు కక్కేశాను. "దివ్యంగా ఉన్నాయండి. మీ మాత్ర మానేశాయి, మీ హోదా పోయింది, చక్రమెక్కి పరిగెత్తుతున్నాయి. కొవ్వు నలభై శాతం తగ్గింది!"

డైరెక్టరుగారు నడుస్తున్నవారల్లా ఆగిపోయారు. "ఎంత?"

"నలభై."

"భుజంగం, పాత డబ్బా మీద ఏమున్నది?"

"ఎలుకల రక్తంలోని కొవ్వు నలభై శాతం తగ్గినది, అని సార్."

"దేనివల్ల తగ్గినదని రాశామా?"

"ఎక్కడా రాయలేదు సార్."

డైరెక్టరుగారి కళ్ళు చెమర్చాయి. "చూశారా మేడం, డబ్బా ముందే చెప్పినది. మనమే నమ్మలేకపోయాము. ఎలుకలకు నా అభినందనలు తెలియజేయండి."

బాబాయి ఇంటికొచ్చిన వారానికి భుజంగంగారు మర్యాదగా కొత్త డబ్బాలు పంపించారు. బాబాయి పడక్కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ముచ్చటగా చేతిలోకి తీసుకున్నాడు. ముందు చూశాడు. వెనక చూశాడు. మూత తీసి లోపల కూడా చూశాడు.

"నేనెక్కడమ్మా?"

"తీసేశారు బాబాయ్. మళ్ళీ ఎలుకనే వేశారు."

"ట్రెజరీ సూపరింటెండెంటుగా చేసినవాణ్ణి తీసేసి... ఎలుకని వేశారా?"

పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాకు అప్పుడు తట్టింది. ముద్ర చెయ్యలేనిది ఇంకేదో చేసేట్టుంది.

"ఎలుక నీకంటే సీనియరు బాబాయ్," అన్నాను మెల్లగా. "ముందు దాని బొమ్మే ఉండేది. అది సెలవు పెడితే నువ్వు లీవు వేకెన్సీలో వచ్చావు."

బాబాయి మొహం కందగడ్డయింది. డబ్బా కిటికీలోంచి వెళ్ళి వీధిలో పడింది. మంచం కింద మిగిలినవన్నీ దాని వెనకే వెళ్ళాయి. "ఎలుక తినే గడ్డి నేను తింటానా? నా మాత్రలేవే? డాక్టరు మాత్రలు! ఎక్కడ పెట్టి చచ్చావ్?" అని కేకలేశాడు.

పిన్ని కొంగు ముడి విప్పింది. మాత్ర అందులోనే ఉంది. ఎన్నాళ్ళుగా అలా కొంగున కట్టుకుని తిరుగుతోందో మరి. రెండోచేత్తో మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఆయన మింగేదాకా ఆవిడ గ్లాసు వదల్లేదు.

తర్వాతి నెల రక్తపరీక్షలో బాబాయికి కొవ్వు తగ్గింది. ఎంత తగ్గిందని భుజంగంగారు రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు. నేను చెప్పలేదు. చెబితే డబ్బా మీద వేసేస్తారు.